పైపును చీల్చేది గడ్డకు ఆవల చిక్కుకున్న నీరు: అమెరికా చలికాలంలో ఇంటి ప్లంబింగ్

మన ఊళ్లో ఇంటి పైపు పగిలితే నష్టానికి ఒక హద్దు ఉంటుంది. డాబా మీద ట్యాంకులో వెయ్యి లీటర్లుంటే పోయేది ఆ వెయ్యే. ట్యాంకు కుళాయికి మూడు మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, కుళాయి దగ్గర ఒత్తిడి నాలుగు పీఎస్‌ఐకి (చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్లన్న కొలత) కాస్త పైన, అంతే. అమెరికా ఇళ్లలో సంగతి వేరు. అక్కడ నీరు వీధి గొట్టం నుంచి నేరుగా 40 నుంచి 80 పీఎస్‌ఐ ఒత్తిడితో ఇంట్లోకి వస్తుంది. పైపు పగిలితే ఎవరో ఒకరు వెళ్లి వాల్వు కట్టేదాకా ఆగదు. ఎనిమిదో వంతు అంగుళం పగులుంటే రోజుకు 250 గ్యాలన్ల దాకా పోతుందని బీమా కంపెనీలు చెప్పే లెక్క. అంటే మన డాబా ట్యాంకు దాదాపు నిండా. పైపు నిలువునా చీలిందా, అదే నీరు గంట తిరక్కముందే నేల మీద ఉంటుంది.

ఇది మంచు కురిసే ఊళ్లకే పరిమితమైన బెడద అనుకునేవాళ్లకు 2021 ఫిబ్రవరి గట్టిగానే చెప్పింది. ఆ నెల 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఊళ్లలో కూడా పైకప్పులోంచి నీరు కారిన ఇళ్లు ఎన్నో. చికాగోలో అంతకన్నా ఘోరమైన చలి తరచూ వస్తుంది, అయినా అక్కడ ఊరంతా ఒకేసారి పైపులు పగలవు. తేడా ఇల్లు కట్టిన తీరులో ఉంది. ఆ తీరు తెలియాలంటే ముందు పైపు ఎందుకు చీలుతుందో తెలియాలి. ఆ ఒక్క కారణం బోధపడితే ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో చాలావరకు మీకే తడుతుంది.

పైపు ఎందుకు చీలుతుంది

నీరు గడ్డకట్టేటప్పుడు పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ గడ్డ లావెక్కి పైపు గోడల్ని పక్కలకు నెట్టి పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గడ్డ పెరగడానికి పైపు పొడవునా చోటుంది. అది పెరుగుతూ ముందున్న నీటినీ వెనకున్న నీటినీ నెడుతుంది. వీధి వైపున్న నీటికి ఇబ్బంది లేదు, వచ్చిన దారినే వెనక్కి జరుగుతుంది. కుళాయి వైపున్న నీటికి మాత్రం దారి లేదు. ఇటు గడ్డ, అటు కట్టేసిన కుళాయి. సిరంజి మూతిని వేలితో మూసి వెనకనుంచి నొక్కినట్టు. నీరు నొక్కితే నలిగేది కాదు కాబట్టి ఒత్తిడి వందలు దాటి వేల పీఎస్‌ఐకి వెళ్తుంది. అప్పుడు ఆ మధ్యలో ఎక్కడ పైపు బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. అందుకే గడ్డ కట్టింది అటిక్‌లో (సీలింగుకూ పైకప్పుకూ మధ్య ఖాళీలో) అయితే పగిలింది వెచ్చటి బాత్‌రూమ్ గోడలో కావచ్చు. చీలిన చోట నీరు అసలు గడ్డకట్టి ఉండకపోవచ్చు.

చీలిన రాగి పైపును చేతిలోకి తీసుకుని చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. ఒక అంగుళమో రెండంగుళాలో పొడవునా, ఎండిన బెండకాయ నిలువునా విచ్చుకున్నట్టు, అంచులు బయటికి తిరిగి ఉంటాయి. దానికి అటూ ఇటూ పైపు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఈ ఉబ్బు గుర్తుపెట్టుకోండి, రిపేరు దగ్గర మళ్లీ దీని అవసరం పడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి: గడ్డ ఉన్నంతసేపూ అదే బిరడా. పైపు చీలినా నీరు కారదు, కారినా కొద్దిగానే. ఎండ వచ్చి గడ్డ కరిగిన పూట వరద మొదలవుతుంది. చలి తగ్గింది, గండం గడిచింది అనుకుని జనం ఆఫీసులకు బయల్దేరే సమయం అదే. ఆ పూట ఇంట్లో ఒకరు ఉండడం ఎంతో మేలు.

ఎంత చలికి భయపడాలి? ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లలో ఇన్సులేషన్ లేని పైపుల్ని అటిక్‌లో పెట్టి పరీక్షించారు. బయట 20 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్‌కు దిగినప్పుడు ప్రమాదం మొదలవుతుందని వాళ్లు తేల్చారు. 32 దగ్గర నీరు గడ్డకట్టడం పుస్తకంలో నిజమే కానీ, ఇంటి వెచ్చదనం పైపును కొంత కాస్తుంది. అలాగని 20ని గీత గీసినట్టు నమ్మకూడదు. కేబుల్ కోసం గోడకు వేసిన బెజ్జంలోంచి ఈదురుగాలి సూటిగా పైపు మీదికి కొడుతుంటే 25 దగ్గర కూడా గడ్డకట్టవచ్చు. చలికన్నా గాలి పైపు నుంచి వేడిని తొందరగా లాగేస్తుంది.

ఇంట్లో ఏ చోటు బలహీనం

టెక్సస్ ఇళ్లకు బేస్‌మెంట్ ఉండదు, కాంక్రీటు పలక మీద కడతారు. చాలా ఇళ్లలో నీటి పైపులు అటిక్ గుండా వెళ్లి గోడల్లోకి దిగుతాయి. ఇంటి వేడిని అటిక్‌లోకి పోనివ్వకుండా ఆపడానికే కదా సీలింగు మీద ఇన్సులేషన్ పరిచేది. అంటే ఆ పైన వేలాడే పైపు చలిలో ఉన్నట్టే లెక్క. ఉత్తరాది ఇళ్లలో నీటి గొట్టం మంచు దిగే లోతుకన్నా కిందనుంచి వచ్చి, వెచ్చగా ఉండే బేస్‌మెంట్‌లో పైకి లేస్తుంది. అక్కడ భయం బయటి గోడల్లో పైపులకు, గ్యారేజీ మీద కట్టిన గదులకు, ఇంటి కింద ఖాళీగా వదిలే క్రాల్‌స్పేస్‌లకు.

ఎక్కడైనా సరే, ఒకసారి ఇల్లంతా తిరిగి చూడండి. బయటి గోడకు ఆనుకుని ఉన్న కిచెన్ సింకు, పై అంతస్తులో ఉత్తరం వైపు బాత్‌రూమ్, గ్యారేజీలో వాటర్ సాఫ్టనర్ (నీటి ఉప్పదనం తగ్గించే పరికరం), బయటి గోడకు తగిలించిన ట్యాంక్‌లెస్ హీటర్ (ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీరు కాచేది), ఫ్రిజ్‌లో ఐస్‌మేకర్‌కు వెళ్లే పావు అంగుళం గొట్టం. ఇవీ ముందు దెబ్బతినేవి.

‘మా ఇంట్లో పెక్స్ (వంగే ప్లాస్టిక్) పైపులు, మాకేం కాదు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. పెక్స్ సాగుతుంది, గడ్డ కరిగాక తిరిగి తన రూపానికి వస్తుంది, రాగి కన్నా చాలా నయం. కానీ దాని చివర్ల ఉండే ఇత్తడి ఫిట్టింగులు, కుళాయి లోపలి భాగాలు, వాల్వులు సాగవు, అవి పగులుతాయి. సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ పైపు అయితే చలికి పెళుసుబారి పెంకులా విరుగుతుంది.

చలికి ముందు చేసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు ఇంటికంతటికీ నీరు ఆపే మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలుండే అమ్మానాన్నలతో సహా. పగలు ఇంట్లో ఉండేది చాలాసార్లు వాళ్లే. ఉత్తరాదిన అది బేస్‌మెంట్‌లో మీటరు పక్కనే ఉంటుంది. టెక్సస్‌లో మాత్రం ముందున్న గడ్డిలో, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె మట్టి పట్టి, గడ్డి కమ్మి కనిపించకుండా పోవడం మామూలే. మూత తీస్తే మీటరు, దాని పక్కన నగరం వాళ్ల వాల్వు, ఇంటివైపు మరో వాల్వు ఉండవచ్చు. కొన్ని ఇళ్లలో ఇంటి వాల్వుకు వేరే చిన్న పెట్టె ఉంటుంది. నగరం వాళ్ల వాల్వుకు చేతిపిడి ఉండదు, చదునైన ముక్కులాంటి కడ్డీ ఉంటుంది. దాన్ని తిప్పడానికి హార్డ్‌వేర్ షాపులో మీటర్ కీ అని పొడవాటి టీ ఆకారపు ఇనుప కడ్డీ దొరుకుతుంది, కొని గ్యారేజీలో పెట్టుకోండి. ఆ ముక్కు పైపుకు అడ్డంగా తిరిగితే నీరు ఆగినట్టు.

ఇంటి వాల్వు గుండ్రటి చక్రంలా ఉంటే అది గేట్ వాల్వు. ఏళ్ల తరబడి కదపకుండా ఉంటే లోపల తుప్పు పట్టి, సరిగ్గా అవసరమైన రోజున తిరగదు, లేదా తిరిగి కూడా నీటిని ఆపదు. అక్టోబరులోనే ఒకసారి కట్టి చూడండి. పూర్తిగా ఆగకపోతే ప్లంబర్ చేత పావు చుట్టుకే మూసుకునే లివర్ ఉన్న బాల్ వాల్వు వేయించుకోండి. చలికాలానికి ముందు పెట్టే ఖర్చుల్లో ఇంతకన్నా విలువైనది లేదు.

తర్వాత పెరడు. హోస్ పైపును కుళాయి నుంచి విప్పేయాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ చాలా పగుళ్లకు మూలం ఇదే. ఈ మధ్య ఇళ్లలో బయటి కుళాయిలు ఫ్రాస్ట్-ఫ్రీ రకానివి. వాటి పిడి బయటే ఉన్నా అసలు మూసుకునే చోటు ఆరు నుంచి పన్నెండు అంగుళాలు లోపల, వెచ్చటి వైపు ఉంటుంది. కట్టగానే ఆ ముందు భాగంలో నీరంతా బయటికి కారిపోవాలి. హోస్ తగిలించి ఉంటే అది కారదు, గొట్టంలోనే నిలిచి గడ్డకట్టి గోడ లోపల పగులుతుంది. చలికాలమంతా ఏమీ తెలియదు. ఏప్రిల్‌లో మొక్కలకు నీళ్లు పెట్టడానికి కుళాయి తిప్పినప్పుడు గోడలోకి నీరు పోతుంది. పాతరకం కుళాయి అయితే లోపల దానికంటూ వేరే వాల్వు ఉందేమో చూడండి. ఉంటే అది కట్టి, బయటి కుళాయి తెరిచి వదిలేయాలి. లేకపోతే ఫోమ్ తొడుగు బిగించాలి.

పచ్చికకు స్ప్రింక్లర్ ఉంటే నేల మీదికి లేచి కనిపించే ఇత్తడి బ్యాక్‌ఫ్లో పరికరాన్ని (పచ్చిక నీరు తాగునీటిలోకి వెనక్కి రాకుండా ఆపేది) మరిచిపోకూడదు. నేలలో పైపుల కన్నా ముందు పోయేది అదే. దాని ముందున్న నీటి వాల్వు కట్టేయండి. పరికరం మీద టెస్టు కాక్‌లు అనే చిన్న కుళాయిలు ఉంటాయి. వాటిని చదును స్క్రూడ్రైవర్‌తో తిప్పి నీరు దించి, సగం తెరిచి, అంటే 45 డిగ్రీల కోణంలో వదిలేయండి. దాని మీది బాల్ వాల్వులనూ అలాగే ఉంచాలి. పూర్తిగా మూసినా పూర్తిగా తెరిచినా లోపలి గుండు చుట్టూ నీరు చిక్కుకుని ఇత్తడిని పగలగొడుతుంది. ఉత్తరాదిన ఇది చాలదు, కంప్రెసర్‌తో పైపుల్లో నీరంతా ఊదించాలి.

ఇక ఇన్సులేషన్. పైపుకు తొడిగే ఫోమ్ గొట్టాల గురించి ఒక అపోహ ఉంది. దుప్పటి మనిషిని వెచ్చగా ఉంచుతుంది, ఎందుకంటే వేడి మనిషి ఒంట్లో ఉంది. కదలని నీళ్లున్న పైపులో వేడి పుట్టదు. ఫోమ్ చేసేదల్లా చల్లబడడాన్ని కొన్ని గంటలు ఆలస్యం చేయడమే. ఒక్క రాత్రి చలికి అది చాలు, మూడు రోజుల చలికి చాలదు. అటిక్‌లో అయితే పైపును సీలింగుకు దగ్గరగా ఉంచి ఇన్సులేషన్‌ను పైపు పైనుంచి కప్పాలి, ఇంటి వేడి కిందనుంచి పైపుకు తగిలేలా. పైపుకూ సీలింగుకూ మధ్య ఇన్సులేషన్ దూర్చారంటే ఉన్న వేడిని కూడా పైపుకు అందకుండా చేసినట్టే. పనివాళ్లు కొత్తగా ఇన్సులేషన్ ఊదించిన తర్వాత ఈ ఒక్క విషయం టార్చి వేసి చూసుకోవాలి. కేబుళ్లు, పైపులు గోడ దాటే బెజ్జాలను స్ప్రే ఫోమ్‌తో గానీ కాల్క్‌తో (సందులు పూడ్చే మెత్తటి పేస్టుతో) గానీ మూసేయండి. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

ఫోమ్ సరిపోని చోట కరెంటుతో వేడెక్కే హీట్ కేబుల్ వాడవచ్చు. దాన్ని పైపు పొడవునా టేపుతో అంటించి జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపే రక్షణ) ఉన్న ప్లగ్గులోనే పెట్టాలి. మామూలు రకం కేబుల్‌ను దానిమీదే అది పడేలా చుట్టకూడదు, ఆ చోట వేడెక్కి ఇన్సులేషన్‌ను కాలుస్తుంది. మీ పైపు ప్లాస్టిక్‌దైతే ప్లాస్టిక్‌కు పనికొస్తుందని పెట్టె మీద ఉందో లేదో చూసే కొనాలి. కరెంటు పోతే ఇది ఎందుకూ పనికిరాదన్నది కూడా గుర్తుండాలి.

చలి రాత్రి

థర్మోస్టాట్‌ను రాత్రి తగ్గించే అలవాటుంటే ఆ రెండు మూడు రోజులు మానుకోండి. బయటి గోడవైపున్న సింకుల కింద క్యాబినెట్ తలుపులు తెరిచి ఉంచండి, గదిలో వేడి పైపుకు తగులుతుంది. పిల్లలుంటే అక్కడున్న క్లీనింగ్ సీసాలు ముందే తీసేయాలి. గ్యారేజీ తలుపు మూసి ఉంచండి.

కుళాయి చుక్కలుగా వదలమని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. ఇది చేసే పనులు రెండు. కదిలే నీరు వీధి గొట్టంలోని కొంచెం వెచ్చదనాన్ని మోసుకొస్తుంది. అంతకన్నా పెద్ద పని, తెరిచి ఉన్న కుళాయి ఒత్తిడికి దారి ఇస్తుంది. మధ్యలో గడ్డకట్టినా, ఇవతల చిక్కుకున్న నీరు బయటికి పోగలదు, పైపు చీలదు. కాబట్టి చుక్కలు పడడం ఆగిపోతే, గడ్డకట్టేసింది కదా ఇంకెందుకని కుళాయి కట్టేయకండి. అసలు దాని అవసరం అప్పుడే. తెరిచే ఉంచండి.

ఇంట్లో ప్రతి కుళాయీ వదలనక్కర్లేదు. బయటి గోడలో గానీ అటిక్ గుండా గానీ వచ్చే పైపుల చివరి కుళాయిలు చాలు, ముఖ్యంగా మెయిన్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్నది. వేడినీటి పైపు వేరు, చల్లనీటి పైపు వేరు కాబట్టి రెండూ వదలాలి. ఒకే లివర్ ఉన్న కుళాయి అయితే లివర్‌ను మధ్యలో పెట్టండి. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజంతా కారితే ఇరవై లీటర్ల చిల్లర, ఒక పెద్ద బకెట్టు. బాగా చలిలో ఉన్న పైపుకైతే చుక్కలు చాలవు, పెన్సిల్ ములుకు అంత సన్నటి ధార వదలాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు మెయిన్ వాల్వు చేతికి అందకపోవచ్చు. లీజింగ్ ఆఫీసు నుంచి చుక్కలు వదలమని నోటీసు వస్తే తప్పక పాటించండి, మీ పైపు పగిలితే తడిసేది కింది ఇల్లు. మెయింటెనెన్స్ వాళ్ల రాత్రివేళ నంబరు ఫోనులో ఉండాలి. సింకు కిందా కమోడ్ వెనకా ఉండే చిన్న వాల్వులు ఎలా కట్టాలో చూసి పెట్టుకోండి. రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్ల బీమా) లేకుంటే సామాను నష్టం మీదే.

కరెంటు పోతే

2021లో టెక్సస్‌లో జరిగింది ఇదే. హీటింగ్ ఆగింది, ఇళ్లు గంటగంటకూ చల్లబడ్డాయి. ఊరంతా కుళాయిలు వదలడంతో, పగిలిన పైపులు కూడా తోడై నగరాల నీటి ఒత్తిడి పడిపోయింది. చుక్కలు వదలడం మానమని కొన్ని ఊళ్లలో అధికారులే కోరాల్సి వచ్చింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని స్థితిలో, ఇంట్లో ఉష్ణోగ్రత 40 ఫారన్‌హీట్ వైపు జారుతుంటే, చుక్కల మీద ఆధారపడకుండా నీళ్లే తీసేయడం మంచిది. ఖాళీ పైపు పగలదు.

దానికి ముందు తాగడానికీ వండడానికీ బిందెలూ గిన్నెలూ, కమోడ్ కోసం బకెట్లూ బాత్‌టబ్బూ నింపుకోండి. కొత్త రకం కమోడ్‌లో ఒకసారి ఫ్లష్‌కు 1.6 గ్యాలన్లు, అంటే ఆరు లీటర్లు చాలు. తర్వాత వాటర్ హీటర్: గ్యాస్‌దైతే నాబ్‌ను పైలట్‌కు (చిన్న మంట మాత్రం ఉండే గుర్తుకు) తిప్పండి, కరెంటుదైతే బ్రేకర్ దించండి. ట్యాంకులో నీరు తగ్గిన స్థితిలో కరెంటు తిరిగొస్తే లోపలి కాయిల్ కాలిపోతుంది. అప్పుడు మెయిన్ కట్టి, ముందు ఇంట్లో అన్నిటికన్నా పైనున్న కుళాయి తెరవండి. దానిలోంచి గాలి లోపలికి పోతేనే కింద నీరు దిగుతుంది. ఆపైన అన్నిటికన్నా కింద ఉన్నది తెరవండి. పలక మీద కట్టిన ఇంట్లో అది సాధారణంగా పెరట్లో కుళాయే. కమోడ్‌లు ఫ్లష్ చేసి, కుళాయిలన్నీ తెరిచి వదిలేయండి. కాంక్రీటు కింద పైపుల్లో కొంత నీరు మిగిలినా నేల వెచ్చదనం దాన్ని కాస్తుంది.

ట్యాంక్‌లెస్ హీటర్‌కు విడిగా చేయాలి. దాని లోపల గడ్డకట్టకుండా చిన్న హీటర్లుంటాయి కానీ అవి నడిచేది కరెంటుతో. గ్యాస్ కట్టి, ప్లగ్గు తీసి, కింద ఉండే చల్లనీటి, వేడినీటి వాల్వులు రెండూ మూసి, వాటి పక్కన చిన్న డ్రెయిన్ మూతలు రెండూ తెరిచి బకెట్‌లోకి నీరు దించాలి. ఇన్‌లెట్ దగ్గర జల్లెడ ఉన్న ఫిల్టరును కూడా విప్పాలి, నీరు అక్కడా నిలుస్తుంది.

ఇంట్లో వెచ్చదనం కోసం బొగ్గుల గ్రిల్ లోపల పెట్టడం, గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి కూర్చోవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఆ చలిలో టెక్సస్‌లో కార్బన్ మోనాక్సైడ్‌తో కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలయ్యాయి, ప్రాణాలూ పోయాయి. దానికి రంగూ వాసనా ఉండవు.

గడ్డకట్టింది, ఇంకా కారడం లేదు

కుళాయి తిప్పితే నీరు రాలేదు. అన్ని కుళాయిలూ ఇలాగే ఉంటే అడ్డం మీటరు దగ్గరో, ఇంట్లోకి వచ్చే చోటో ఉంది. ఒక్కటే రాకపోతే ఆ కొమ్మలో ఉంది. చల్లనీరు వచ్చి వేడినీరు రాకపోతే హీటర్ చుట్టుపక్కల చూడాలి. చేత్తో తడిమితే మిగతా చోట్ల కన్నా బాగా చల్లగా ఉన్న ముక్క, మీద తెల్లటి మంచు పూత, కొద్దిగా ఉబ్బు, ఇవీ ఆనవాళ్లు.

వేడి పెట్టే ముందు మెయిన్ కట్టేయండి, లేదా ఒకరిని వాల్వు దగ్గర నిలబెట్టండి. పైపు అప్పటికే చీలి ఉండవచ్చు, గడ్డ కరగ్గానే తెలుస్తుంది. ఆ కుళాయి తెరిచి ఉంచండి. హెయిర్ డ్రయ్యర్, హీటింగ్ ప్యాడ్, వేడినీటిలో ముంచి పిండిన టవళ్లు వాడవచ్చు. నీళ్లు కారే చోట డ్రయ్యర్ పట్టుకోవద్దు. కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి గడ్డ వైపుకు వెళ్లాలి. కరిగిన నీరూ ఆవిరీ తెరిచిన కుళాయిలోంచి పోతాయి. మధ్యనుంచి వేడి పెడితే రెండు గడ్డల మధ్య వేడినీరు చిక్కుకుని మళ్లీ అదే సిరంజి కథ. అరగంట నుంచి కొన్ని గంటలు పట్టవచ్చు, ఓపిక కావాలి. మంట చూపే పరికరం ఏదీ దగ్గరికి రానివ్వకండి. బ్లో టార్చ్‌తో గోడలోపలి చెక్క అంటుకుని ఇళ్లు కాలినవి ఉన్నాయి. గోడలో ఉండి చేతికందకపోతే గది వేడి పెంచి, క్యాబినెట్ తెరిచి, ప్లంబర్‌ను పిలవడమే మార్గం.

ఉత్తరాదివాళ్లకు ఒక మాట. ఎముకలు కొరికే చలిలో ఇంటిని వేడిచేసే ఫర్నెస్ దానంతట అదే ఆగిపోతే అన్నిసార్లూ దాని తప్పు కాదు. 90 శాతం పైన సామర్థ్యం ఉన్న ఫర్నెస్‌లు నీటిని వదులుతాయి. ఆ నీటిని బయటికి తీసుకెళ్లే ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం గోడ బయట గడ్డకట్టి, నీరు వెనక్కి ఎక్కి, ఫర్నెస్ రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. గొట్టం బయటి చివర గోరువెచ్చని నీరు పోస్తే తాత్కాలికంగా దారి పడుతుంది. దాన్ని ఇంటిలోపలి డ్రెయిన్‌లోకి మళ్లించడమే అసలు పరిష్కారం. పక్కనే ఉండే గాలి గొట్టాల మూతి మంచుతో మూసుకుపోలేదని కూడా చూడండి.

పగిలాక

మొదట మెయిన్. తర్వాత కుళాయిలు తెరిచి పైపుల్లో మిగిలింది దించేయడం. నీరు లైట్ల మీదో, ప్లగ్గుల మీదో పడుతుంటే ఆ గది బ్రేకర్ దించండి. ప్యానెల్ దగ్గరకు వెళ్లాలంటే నీళ్లలో నిలబడాల్సి వస్తే వెళ్లకండి. వాటర్ హీటర్ ఆపండి. సీలింగు బుంగలా ఉబ్బి ఉంటే దాని మీద పదుల లీటర్ల నీరు నిలిచి ఉందని అర్థం. కింద బకెట్ పెట్టి, పక్కకు నిలబడి, స్క్రూడ్రైవర్‌తో చిన్న బెజ్జం పొడవండి. మీరు దించకపోతే మొత్తం ఒక్కసారిగా కూలుతుంది.

ఏదీ తీసేయకముందే ఫోటోలు, వీడియో. చీలిన పైపు ముక్కను పారేయకండి, బీమా మనిషికి చూపించాలి. తడిసిన కార్పెట్టు, గోడలోపలి ఇన్సులేషన్ 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. బీమా వాళ్లు వచ్చేదాకా అలాగే ఉంచడం మంచిది కాదు, నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీ ప్రకారం మీ బాధ్యత.

ఊరంతా ఒకేసారి పగిలిన రోజుల్లో ప్లంబర్ దొరకడానికి రోజులు పడుతుంది. కనపడే చోట, వంపు లేని పైపు అయితే పుష్-ఫిట్ కప్లింగ్‌తో (తోస్తే పట్టుకునే జోడింపుతో) ఎవరైనా సరిచేయవచ్చు. సోల్డర్ అక్కర్లేదు, మంట అక్కర్లేదు. ఇక్కడే పైన చెప్పిన ఉబ్బు ముఖ్యం. చీలిక అంచులకే కోసి కప్లింగ్ ఎక్కిస్తే రాగి ఇంకా ఉబ్బి ఉండి లోపలికి దిగదు, దిగినా కారుతుంది. పైపు మళ్లీ సరైన గుండ్రంగా వచ్చేదాకా వెనక్కి వెళ్లి కోయాలి. పైప్ కట్టర్‌తో పైపుకు సరిగ్గా అడ్డంగా కోసి, అంచు గరుకు పోయేలా రుద్ది, ఎంత లోతు దిగాలో కప్లింగ్ కొలత ప్రకారం మార్కర్‌తో గీత పెట్టి, ఆ గీత దాకా గట్టిగా తోయండి. వెనక్కి లాగి చూడండి, రాకూడదు. తీసేసిన ముక్క కప్లింగ్ సర్దుకోగలిగిన దానికన్నా పొడవైతే మధ్యలో అదే కొలత పైపు ముక్క వేసి రెండు కప్లింగులు వాడాలి. ఒక చీలిక దొరికిందని ఆగవద్దు, ఒకే పైపు రెండు మూడు చోట్ల పోయి ఉండడం సాధారణం.

డిసెంబరులో ఇండియా వెళ్తున్నప్పుడు

సెలవుల్లో నెల రోజులు ఇల్లు తాళం వేసి వెళ్లడం మన కుటుంబాల్లో ఎక్కువ, ఆ నెలే చలి ముదిరేది. ఖాళీ ఇంట్లో పైపు పగిలితే వారాల తరబడి కారుతుంది. పైగా ఇంటి బీమాలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. ఇల్లు ఖాళీగా ఉంచినప్పుడు వేడి నిలిపి ఉంచడానికి గానీ, నీళ్లు కట్టి పైపులు ఖాళీ చేయడానికి గానీ తగిన జాగ్రత్త తీసుకోకపోతే గడ్డకట్టడం వల్ల వచ్చిన నష్టం చెల్లించరు. కరెంటు బిల్లు మిగులుతుందని హీటింగ్ ఆపేసి విమానమెక్కితే క్లెయిమ్ పోగొట్టుకున్నట్టే. రెండూ చేయండి: థర్మోస్టాట్ 55 ఫారన్‌హీట్‌కు, అంటే 13 సెల్సియస్‌కు తగ్గకుండా ఉంచి, మెయిన్ కట్టి కుళాయిలు తెరిచి ఒత్తిడి తీసేయండి. గ్యాస్ వాటర్ హీటర్‌ను వెకేషన్ మోడ్‌లో పెట్టండి.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. కొన్ని టౌన్‌హౌస్‌లలో సీలింగులో మంటలార్పే స్ప్రింక్లర్లు ఉంటాయి, మెయిన్ కడితే వాటికీ నీరు ఆగుతుంది. న్యూజెర్సీ వైపు పాత ఇళ్లలో హీటింగే వేడినీటి బాయిలర్‌తో నడుస్తుంది, దానికి నీటి సరఫరా అవసరం పడవచ్చు. ఈ రెండింట్లో మీ ఇల్లు ఏదైనా, కట్టే ముందు ఆ పని తెలిసిన టెక్నీషియన్‌ను అడగండి.

దగ్గరున్న స్నేహితులకు తాళంచెవి ఒకటి, మెయిన్ వాల్వు ఫోటో ఒకటి ఇచ్చి, వారానికోసారి, చలి బాగా దిగిన మర్నాడు తప్పనిసరిగా, లోపలికి వెళ్లి చూడమనండి. హీటింగ్ కూడా ఆగిపోయే భయం ఉన్న ఇంట్లో సింకుల కింద వంపు గొట్టాల్లోనూ కమోడ్‌లోనూ ఆర్‌వీలకు (ఇల్లులా వాడే బండ్లకు) వాడే, గడ్డకట్టని గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఒకటి రెండు కప్పులు పోయవచ్చు. కారుకు వాడేది విషం, అది పోయకూడదు.

తిరిగొచ్చాక సూట్‌కేసులు దించి ఒక్కసారిగా వాల్వు తెరిచేయకండి. ముందు కుళాయిలన్నీ కట్టి, ఒక్క సింకులో మాత్రం కొద్దిగా తెరిచి ఉంచండి. మెయిన్‌ను కొంచెమే తిప్పండి, గాలి చీదుకుంటూ పోయి ధార నిలకడగా వచ్చేదాకా ఆగండి. తర్వాత ఆ కుళాయి కూడా కట్టి వాల్వు పూర్తిగా తెరవండి. వాటర్ హీటర్ ట్యాంకు నిండే దాకా దాన్ని వెలిగించవద్దు. అప్పుడు మీటరు పెట్టె దగ్గరికి వెళ్లి మూత తీసి చూడండి. చాలా మీటర్ల ముఖం మీద చిన్న త్రిభుజమో, చక్రమో ఉంటుంది, అతి సన్నటి ప్రవాహానికి కూడా తిరుగుతుంది. ఇంట్లో ఒక్క కుళాయీ తెరిచి లేకుండా పది నిమిషాల పాటు అది కదలకపోతే గోడల్లో ఎక్కడా కారడం లేదు. నెమ్మదిగా అయినా తిరుగుతుంటే మెయిన్ మళ్లీ కట్టేసి, అటిక్ నుంచి వెతకడం మొదలుపెట్టండి.